చూడటం, చూసుకోవడం

అరకు నుంచి తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే, జలంత్రకోటలో మా ఇంటి వీధరుగు మీద కూర్చున్న అమ్మని పక్కింటావిడ పలకరించింది.

"ఏటి వదినా, అరకు ఎల్లొచ్చినారంట గదా. ఏటేటి సూసినావు?"

అమ్మ ఒక్క క్షణం ఆలోచించి, "ఏటి సూత్తాను, సామాన్లు సూసుకున్నాను" అంది.

ఇద్దరూ నవ్వుకున్నారు. లోపల బట్టలు ఉతుక్కి వేస్తున్న నాకు మాత్రం నవ్వు రాలేదు. అమ్మ హాస్యమాడలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. ఇద్దరు మగవాళ్లు, ముగ్గురు ఆడవాళ్లు, ఇద్దరు పిల్లలు, వెరసి ఏడుగురం వెళ్లిన ఆ రెండు రోజుల ప్రయాణంలో కొందరు చూశారు, కొందరు చూసుకున్నారు. తెలుగులో ఈ రెండు మాటల మధ్య తేడా ఎంతో చిన్నది. చూడటం వేరు, చూసుకోవడం వేరు. కొండని చూస్తాం, పిల్లల్ని చూసుకుంటాం. మొదటిదానికి కళ్లు చాలు. రెండోదానికి ఒళ్లంతా కావాలి. రెండోది చేస్తున్న మనిషికి మొదటిది చేసే తీరిక ఉండదు. ఇంత చిన్న సంగతి నలభై ఆరేళ్లు వచ్చేదాకా, అదీ అమ్మ అంటే తప్ప, నాకు తట్టలేదు.

మా ఊరి నుంచి చూస్తే పడమటి దిక్కున కొండలు నీలంగా కనిపిస్తాయి. మహేంద్రగిరి అటే. అమ్మ ఆ ఇంటికి కోడలిగా వచ్చి నలభై ఎనిమిదేళ్లయింది. వాకిలి ఊడ్చినప్పుడల్లా ఆ కొండలు ఎదురుగానే ఉన్నాయి. శివరాత్రికి మా నాన్న, బాబాయిలు కొండెక్కి వచ్చేవారు. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. అమ్మ బారువలో తీర్థస్నానాలు చేసింది కానీ, ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడటానికి ఎప్పుడూ వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదమ్మా అంటే, "ఇంటికాడ ఎవులుంతారు?" అంటుంది. నలభై ఎనిమిదేళ్లుగా అదే జవాబు. అందుకే మొన్న డిసెంబరులో "అమ్మకి ఒకసారి కొండలు చూపిద్దాం" అని నేనే పట్టుబట్టాను. ఈ ప్రయాణం అమ్మ కోసమే అనుకున్నాం మరి!

బండి బయల్దేరింది తెల్లవారుజామున అయిదింటికి. ఆడవాళ్ల ప్రయాణం మాత్రం ముందు రోజు సాయంత్రమే మొదలైంది. పులిహోర, చపాతీలు, టమాటా పచ్చడి, పిల్లలకి జంతికలు, చలికి స్వెట్టర్లు, అమ్మ మాత్రలు, నా భర్తకి పడే దిండు... పన్నెండింటికి పడుకుని మూడింటికి లేచాం. మగవాళ్లు చేసిన పని కూడా లేకపోలేదు. టైర్లలో గాలి చూశారు, హోటలు గది బుక్ చేశారు. ఆ రెండు పనులూ ప్రయాణం పొడవునా చాలాసార్లు ప్రస్తావనకి వచ్చాయి. పులిహోర ప్రస్తావన ఒక్కసారే వచ్చింది, ఉప్పు తగ్గిందని.

బండిలో సీట్లు ఎవరూ పంచలేదు. వాటంతట అవే పంచుకున్నట్టు జరిగిపోయింది. స్టీరింగ్ దగ్గర నా భర్త, పక్కన మా తమ్ముడు. మధ్యలో కిటికీల దగ్గర పిల్లలిద్దరూ, వాళ్ల మధ్య వాంతి కవరు పట్టుకుని నేను. చిట్టచివరి సీట్లో సంచులు, సూట్‌కేసులు, వాటితో పాటు అమ్మ, మరదలు. ముందు సీటు అద్దం ఎంత విశాలమో, వెనక సీటు కిటికీ అంత ఇరుకు. ఎవరి కోసం ప్రయాణం పెట్టుకున్నామో ఆవిడ, రెండు వందల యాభై కిలోమీటర్లకి పైగా, ఒళ్లో టిఫిన్ క్యారేజీతో అక్కడే కూర్చుంది. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. అమ్మని ముందు కూర్చోమని ఎవరైనా అని ఉంటే నా భర్త సంతోషంగా ఒప్పుకునేవాడే. కానీ ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు. పితృస్వామ్యం గురించి క్లాసులో పిల్లలకి చెప్పే నాకు, మా బండిలో అది ఏ సీట్లో కూర్చుందో కనపడలేదు.

పలాస, టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం దాటి, విజయనగరం మీదుగా ఎస్.కోట చేరి అక్కడి నుంచి ఘాట్ ఎక్కాం. అనంతగిరి మలుపులు మొదలయ్యేసరికి బండిలో కేరింతలు. ఒక పక్క లోయ, ఇంకో పక్క మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటి నీడన కాఫీ తోటలు. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఆపాం. కింద మబ్బు కమ్మి ఉంది. అది పలచబడినప్పుడల్లా ఒక కొండ వెనక ఇంకో కొండ బయటపడుతోంది. ఆ అందాన్ని నేను తక్కువ చేసి చెప్పదలచుకోలేదు. ఒక్క నిమిషం పాటు నేను ఎవరి తల్లినో, ఎవరి భార్యనో నాకు గుర్తు లేదు. ఆ ఒక్క నిమిషం కోసమే మనుషులు కొండలకి వెళతారనుకుంటాను.

సరిగ్గా అప్పుడే మరదలు "వదినా!" అని కేక వేసింది. అమ్మ బండి దిగి నాలుగడుగులు వేసి, కళ్లు తిరిగి నేల మీద కూలబడిపోయింది.

ఘాట్ మలుపులకి తిరిగి ఉంటుందన్నాడు తమ్ముడు. మొహం మీద నీళ్లు చల్లి, తాగడానికి సీసా ఇచ్చాం. అమ్మ తాగలేదు. సీసా పట్టుకుని అటూ ఇటూ చూస్తోంది. నాకు అర్థమైంది. తెల్లవారుజామున మూడింటి నుంచి అమ్మ గుక్కెడు నీళ్లు ముట్టలేదు.

ఎందుకు ముట్టలేదో ఇది చదివే ఆడవాళ్లకి వివరించి చెప్పాలా? మగవాళ్లకి రోడ్డు పొడవునా చెట్లే. మనకి పెట్రోలు బంకులో తాళం వేసి ఉండే గది, హోటలు వెనక నీళ్లు రాని దొడ్డి. "అక్కడ ఆపండి" అని అడగడానికి సిగ్గు, అడిగితే "ఇప్పుడే కదా ఆపాం" అని విసుగు. అందుకని నీళ్లు మానేస్తాం. నేనూ మానేశాను, మరదలూ మానేసింది. బస్సెక్కే ముందు నీళ్లు తాగకూడదని నాకు చిన్నప్పుడు నేర్పింది అమ్మే. నా కూతురికి నేర్పింది నేను.

కానీ మాది ఉద్దానం. మా నాన్నని తీసుకుపోయింది కిడ్నీ జబ్బే. రెండేళ్లు డయాలిసిస్‌కి తిప్పాం. కంచిలి, కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు... ఏ ఊరు తీసుకున్నా ఈ కథ లేని వీధి ఉండదు. తాగునీరా, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోయే చాకిరీయా, మరొకటా, కారణం ఇదీ అని తేల్చి చెప్పినవాళ్లు ఇప్పటికీ లేరు. 2023 డిసెంబరులో పలాసలో రెండు వందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి మా ఊళ్లకి తాగునీటి పథకం వచ్చింది. అమ్మ క్రియాటినిన్ కొన్నేళ్లుగా ఉండాల్సిన దానికన్నా ఎక్కువే. ఏం మానినా నీళ్లు మాత్రం మానొద్దని ఆమెకి డాక్టరు చెప్పింది నా ఎదుటే. కొండ మీది నుంచి నీళ్లు పైపులో మా ఊరికి తేవడానికి ప్రభుత్వాలకి అన్నేళ్లు పట్టింది. ఆ నీళ్లు సీసాలో చేతికిచ్చినా మా అమ్మ తాగలేకపోయింది. అడ్డం పడింది సిగ్గు. ఆ సిగ్గు ఆమె సొంతం కాదు. మేమంతా కలిసి ఆమెకి అంటగట్టింది.

అక్కడ మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ఒకామె ఇదంతా చూసి, మాతో ఏమీ మాట్లాడకుండా లేచి, అమ్మ చెయ్యి పట్టుకుని తన బడ్డీ వెనక తడికలు కట్టుకున్న చోటికి తీసుకెళ్లింది. వచ్చాక అమ్మ సీసాడు నీళ్లు తాగింది. మేము లోయని చూస్తున్నంతసేపూ, ఆమె మమ్మల్ని చూసింది. ఏం కావాలో కూడా ఆమెకే కనపడింది.

సాయంత్రం అరకు దగ్గరపడుతుంటే రోడ్డుకి రెండు వైపులా వలిసె చేలు పసుపు పచ్చగా విరగబూసి ఉన్నాయి. గట్టు మీద ఒక గిరిజన స్త్రీ నెత్తి మీద కట్టెల మోపుతో వస్తోంది. వెనక కొండ, చుట్టూ పూలు, పల్చటి ఎండ. "అబ్బ, ఏం ఫ్రేమ్!" అంటూ తమ్ముడు బండి ఆపించాడు. దిగి చేత్తో సైగ చేసి ఆమెని నిలబెట్టాడు. ఒకటి, రెండు, మూడు... కాస్త ఇటు తిరగమన్నాడు. ఆమె తిరిగింది. మెడ నరాలు బిగుసుకుని ఉన్నాయి. ఫొటోలు అయ్యాక చెయ్యి చాచి డబ్బులడిగింది. "చూశావా, వీళ్లకీ అలవాటైపోయింది. అన్నిటికీ డబ్బే" అని తమ్ముడు నొచ్చుకున్నాడు.

పొద్దుటి నుంచి గట్టిగా ఒక్క మాట మాట్లాడని అమ్మ వెనక సీట్లోంచి అరిచింది.

"ఇయ్యరా! మోపెత్తుకుని నీకోసం నిలబడింది. అది పని కాదేటి? పనిలో ఉన్న మనిసిని ఆపీసి బొమ్మ తీత్తావా? నిన్ను ఎవులైనా అలాగ ఆపితే ఊరుకుంతావా?"

బండిలో అందరం బిత్తరపోయాం. తమ్ముడు యాభై రూపాయలిచ్చాడు. అమ్మ అంతటితో ఆగక బండి దిగి వెళ్లి ఆమె మోపు దించడానికి చెయ్యి వేసింది. మాది ఒడిశా సరిహద్దు. అమ్మకి ఒరియా వచ్చు. అక్కడి గిరిజనుల్లో ఒరియా యాస మాట్లాడేవాళ్లు ఎక్కువ. ఇద్దరూ గట్టు మీద కూర్చుని కాసేపు ఏదో మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారని నేను అడగలేదు. నాతో చెప్పాలనిపించి ఉంటే అమ్మే చెప్పేది.

అమ్మ కోపం ఎక్కడిదో రాత్రి హోటలు గదిలో తెలిసింది. నాన్న పోవడానికి చాలా ఏళ్ల ముందు, మేం చదువుకుంటున్న రోజుల్లో, అమ్మ పలాస వైపు జీడి పని చేసింది. కాల్చిన జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే పని. కిలోకి ఇంత అని కూలి. పెంకులోని జీడి నూనె తగిలితే చర్మం కాలి ఊడిపోతుంది. వేళ్లకి ఆముదమో బూడిదో రాసుకుని కూర్చున్నా, ఆ నలుపు వదలదు. ఒకరోజు ఎవరో పెద్దమనుషులు వచ్చి వరసలో కూర్చున్న ఆడవాళ్ల ఫొటోలు తీశారట. "మీ చేతులు చూపించండి" అన్నారట.

"పెళ్లిళ్లకెల్తే సెంగు కింద దాసుకునే సేతులు. అందర్లోనీ సాపమన్నారు. సాపినాం. కూలి పోద్దని బయం" అంది అమ్మ. ఆ ఫొటోలు ఏమయ్యాయో, ఎక్కడ అచ్చయ్యాయో ఆమెకి తెలీదు. తీసినవాళ్లు మంచి ఉద్దేశంతోనే తీసి ఉండొచ్చు. కార్మికుల కష్టాల మీద వ్యాసం రాసే నాలాంటివాళ్లే అయి ఉండొచ్చు. ఆ ఆలోచన నన్ను ఆ రాత్రి నిద్ర పోనివ్వలేదు.

అప్పటి నుంచీ ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. అందాన్ని చూడటంలో తప్పుందా?

1790లో కాంట్ అనే జర్మన్ తత్వవేత్త, ఒకదాన్ని అందమైనదని నిజంగా ఆనందించాలంటే అందులో మన అవసరం, మన స్వార్థం ఏదీ ఉండకూడదన్నాడు. వినడానికి బాగుంది. వలిసె చేనుని చూసి నూనె ఎంత వస్తుందని లెక్క కట్టకుండా, పసుపుని పసుపుగా చూడటం. కానీ అవసరాలు లేకుండా నిలబడి చూడగలిగే ఆ మనిషి ఎవరు? అతని ఆకలిని, దాహాన్ని, పిల్లల ఏడుపుని ఆ కాసేపు ఎవరు మోస్తున్నారు? మా బండిలో ముందు సీటుకి ఆ నిర్మలమైన చూపు దక్కడానికి వెనక సీటులో పులిహోర ఉంది. చూడటం అనేది చూసుకోవడం దగ్గర తీసుకున్న అప్పు. దాన్ని తీరుస్తున్నామా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఇది మా ఇంటి గొడవ మాత్రమే కాదు. అరకు వెళ్లే రైలుకి 2017లో అద్దాల పెట్టె తగిలించారు. లోయంతా కనిపించేలా కప్పుకి కూడా అద్దాలే. చాలా బాగుంటుంది. కానీ 1960లలో ఆ కొండలు తొలిచి పట్టాలు వేసింది చూడటానికి కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి తరలించడానికి. ఒకే కొండ. ఒక చూపుకి అది దృశ్యం, ఇంకో చూపుకి సరుకు. అక్కడ ఉండేవాళ్లకి ఇల్లు. ఈ మూడో చూపుని లెక్కలోకి తీసుకోవాలని అనంతగిరి మండలం గిరిజనులు కోర్టుల దాకా పోవాల్సి వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో గనుల కోసం ప్రైవేటు కంపెనీలకి భూములు లీజుకి ఇవ్వడం చెల్లదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మాకు దగ్గరలోనే సోంపేట బీల ఉంది. నీళ్లు, తుంగ, చేపలు, కొంగలు, గేదెలు, చుట్టూ పొలాలు. థర్మల్ కేంద్రం పెట్టాలనుకున్నవాళ్లు దాన్ని చూసి పనికిరాని భూమి అన్నారు. చూశారు, కానీ చూసుకోలేదు! ఆ నీళ్ల మీద బతుకుతున్నవాళ్లు కాదన్నారు. ఆ ఉద్యమంలో ఆడవాళ్లు ముందు నిలబడ్డారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. బీల మిగిలింది. ఒక చోటుని రోజూ చూసుకునేవాళ్లకి అక్కడ ఏముందో కనపడినట్టు, వచ్చి చూసిపోయేవాళ్లకి కనపడదు. అయితే ఇందులోంచి తేలిగ్గా ఒక నీతి తీసేసి, యాత్రికులంతా పాపాత్ములని తేల్చడం నాకిష్టం లేదు. నన్ను ఆ ఉచ్చులోంచి బయటికి లాగింది మరదలే.

ఆ రాత్రి నేనిదంతా చెబుతుంటే ఆమె విసుక్కుంది. "వదినా, నేను ఈ ట్రిప్పు కోసం ఆర్నెల్ల నుంచి ఎదురు చూశాను. పొద్దున వంట చేశాను, దారంతా సంచులు మోశాను. ఇప్పుడు కొండని చూడటం కూడా పాపమంటే ఎలా? మీకు తప్పు చేశాననే బాధ ఒక సరదా అయిపోయింది. నన్ను చూడనివ్వండి."

ఆమె అన్నది నిజం. త్యాగం చెయ్యమని ఆడవాళ్లకి చెప్పడానికి ఈ లోకంలో వేరే కారణాలు చాలానే ఉన్నాయి. వాటికి స్త్రీవాదం ఇంకోటి జత చెయ్యనక్కర్లేదు. వర్జీనియా ఉల్ఫ్ 1929లో రాయాలనుకునే స్త్రీకి డబ్బూ, తనదంటూ ఒక గదీ ఉండాలంది. మా అమ్మకి, మరదలికి, కట్టెల మోపు దించుకున్న ఆమెకి కూడా ఏ పనీ లేకుండా, ఎవరి కోసమూ కాకుండా కాసేపు ఒక కిటికీ కావాలి. ఊరికే చూడటం విలాసం కాదు, హక్కు. అది కొందరికే దక్కితే మిగిలినవాళ్ల మీద భారమవుతుంది. అందుకని చూడటం మానేయడం పరిష్కారం కాదు. చూసుకోవడాన్ని పంచుకోవాలి. మోపుని ముందు దించాలి. దించాక, తనని చూడొచ్చో లేదో ఆమెనే అడగాలి. వద్దంటే మానాలి. నిలబడితే కూలి ఇవ్వాలి. నీళ్ల కోసం, ఆ తర్వాతి పని కోసం గంటకోసారి బండి ఆపాలి, ఎవరూ అడక్కుండానే.

ఇవి మరీ చిన్న విషయాలని మీకు అనిపించవచ్చు. తత్వశాస్త్రం దాకా వెళ్లి తేల్చింది బాత్రూమ్ దగ్గర బండి ఆపమనా అని నా భర్త కూడా నవ్వాడు. ఆ నవ్వు అయ్యాక మర్నాడు సీట్లు మార్చాం.

తిరుగు ప్రయాణంలో అమ్మ ముందు సీట్లో కూర్చుంది. తమ్ముడూ, మా అబ్బాయీ సంచుల పక్కన వెనక్కి వెళ్లారు. అరగంటకే తమ్ముడు "ఇక్కడ కాళ్లు పట్టడం లేదక్కా" అన్నాడు. మరదలు ఏమీ అనలేదు, కిటికీలోంచి చూస్తూ ఉంది. ఘాట్ మొదలయ్యే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, ఎస్.కోటలో ఒకసారి ఆగాం. మొక్కజొన్న పొత్తులామె బడ్డీ మూసి ఉంది. ఆమెకి ఇద్దామని అమ్మ పక్కన పెట్టుకున్న జంతికల పొట్లం అలాగే ఉండిపోయింది.

ఇక విశాలమైన ముందు అద్దంలోంచి అమ్మ ఏం చూసిందంటారా? ఏమీ చూడలేదు. గాలికొండ దాటకముందే నిద్రపోయింది. లోయలు, మబ్బులు, కాఫీ తోటలు అన్నీ అమ్మ మూసిన కళ్ల ముందు నుంచి వెళ్లిపోయాయి. అమ్మమ్మని లేపనా అంది నా కూతురు. వద్దన్నాను. రెండు రోజుల్లో ఆమె దేన్నీ చూసుకోనక్కర్లేని మొదటి రెండు గంటలు అవి. వాటితో ఏం చేసుకోవాలో ఆమె ఇష్టం.

ఆ ఫొటో తమ్ముడి ఫోన్లో ఇంకా ఉంది. బాగా వచ్చింది. వలిసె పూలు, కొండ, సాయంకాలపు ఎండ, మోపు కింద ఆమె బిగుసుకున్న మెడ. వాడు దాన్ని ఎవరికీ పంపలేదు, అలాగని తీసెయ్యలేదు కూడా. మొన్న ఇంటికొచ్చినప్పుడు అమ్మకి చూపించాడు. అమ్మ అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "సేతులు కనపళ్లేదు, మంచిదే" అని ఫోను తిరిగిచ్చి, మందారం మొక్కకి నీళ్లు పోయడానికి లేచింది. లేచే ముందు చెంబులోంచి తనూ రెండు గుక్కలు తాగింది.